చార్టులో ఉన్న సిస్టరమ్మ

నేను డిగ్రీలో చరిత్ర చదివాను. అందుకని ప్రభుత్వం నన్ను ప్రసూతి దవాఖానకు పంపింది. చరిత్రకూ కాన్పులకూ సంబంధమేమిటని నేను ఎవరినీ అడగలేదు. తొంభైల మొదట్లో ఉద్యోగం రావడమే ఎక్కువ, దానికి అర్థం కూడా కావాలంటే బాగుండదు.

దవాఖాన నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వైపు వచ్చే సందుల్లో ఒక పాత డ్యోఢీలో ఉండేది. ఎవరో నవాబు తన కోసం కట్టించుకున్న ఇల్లు. ఆయన మనసులో ఇరవై మంచాలు లేవు కాబట్టి అవి కొన్ని వరండాలోకి వచ్చాయి. ఒక లేబర్ రూం, ఉదయం ఒక గంట నీళ్ళిచ్చే నల్లా, వారంలో మూడు రోజులు వచ్చే డాక్టరమ్మ, అంతే. కష్టమైన కాన్పులకు డాక్టరమ్మ వచ్చే రోజులేవో తెలిసేవి కావు. అవి మిగతా నాలుగు రోజుల్లోనూ వచ్చేవి. అందువల్ల దవాఖాన నడిచింది ఆరుగురు సిస్టరమ్మల చేతుల మీద. వాళ్ళు నర్సింగుతో పాటు మంత్రసాని పని కూడా బడిలో కూర్చుని చదువుకుని పరీక్ష రాసినవాళ్ళు. కాన్పులు వాళ్ళే చేసేవారు. నేను పుట్టిన పిల్లలను రిజిస్టరులో రాసేవాణ్ణి. పని విభజన న్యాయంగానే ఉండేది, ఒక వైపు నుంచి చూస్తే.

నా పనుల్లో ముఖ్యమైనది డ్యూటీ చార్టు. పెద్ద తెల్ల కాగితం మీద ఎర్ర సిరాతో గళ్ళు గీసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు వరుసలు పెట్టి, ఏ రోజు ఏ సిస్టరమ్మ వస్తుందో రాయాలి. ఒక ప్రతి గోడకు, ఒక ప్రతి నెలనెలా పై ఆఫీసుకు. చార్టుకు ఒక నియమం ఉండేది. రాత్రి లేబర్ రూంలో ఇద్దరు సిస్టరమ్మలు ఉండాలి. లేకపోతే ఎనిమిదింటికి తాళం వేసి, వచ్చినవాళ్ళను పెద్దాసుపత్రికి పంపాలి.

ఆ తాళం పడకుండా చూడడమే మా పెద్ద సిస్టరమ్మ జీవితం. ఆమెది మెదక్ వైపు. మిషన్ ఆసుపత్రిలో దొరసానుల దగ్గర పని నేర్చుకుంది. ఆదివారం తెల్లచీరలో చర్చికి వెళ్ళి, అక్కడినుంచి అదే చీరతో డ్యూటీకి వచ్చేది. నేను చేరిన మొదటిరోజే నన్ను లేబర్ రూం తలుపు దగ్గరికి తీసుకుపోయి చూపించింది.

"గీ తలుపుకు గొళ్ళెం ఉన్నది, తాళం లేదు. చూసినవా?"

"చూసిన సిస్టరమ్మా."

"స్టేషన్ వెనక బస్తీల నుంచి నడుసుకుంట వస్తరు బాబూ. రైలు దిగి వస్తరు. పెద్దాసుపత్రికి పొమ్మంటే రిక్షాల కంటరు. నేను మొజంజాహీ మార్కెట్ కాడ, ఐస్‌క్రీం దుకాన్ల ముందట, రిక్షాల ఎక్కి కాన్పు చేసిన. అందరు ఐస్‌క్రీం తినుకుంట చూసిన్రు. మల్ల గట్ల కావద్దు. నీ చార్టుల రాత్రి గళ్ళు ఖాళీ ఉండొద్దు."

నాకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. గళ్ళు నింపడం పెద్ద కష్టమనిపించలేదు. అవి గళ్ళే కదా.

మూడేళ్ళు బాగానే నడిచింది. బాగానే అంటే, గ్లవ్సులు ఉతికి, ఒక్కొక్కదాన్ని బుడగలా ఊది చిల్లుల్లేవని చూసి, కిటికీ చువ్వలకు ఆరేసి, పౌడరు అద్ది మళ్ళీ వాడుకునేవారు. నేను మొదటిసారి ఆ కిటికీ చూసినప్పుడు ఎవరో చేతులెత్తి లొంగిపోతున్నారనుకున్నాను. గ్లవ్సుల కోసం నెలకొక ఉత్తరం రాసేవాణ్ణి. నా శైలి నెలనెలా మెరుగుపడింది. గ్లవ్సులు రాలేదు.

మొదట వెళ్ళిపోయిన సిస్టరమ్మ సౌదీకి వెళ్ళింది. వెళ్ళడానికి నెల రోజుల ముందు ఒక పేషంటు రక్తం అందక చనిపోయింది. రక్తం లేదని చెప్పింది ఈమె కాబట్టి, బంధువులు ఈమె జుట్టు పట్టుకున్నారు. రక్తం లేకుండా చేసినవాళ్ళు అందుబాటులో లేరు. జీతం లేని పొడుగు సెలవుకు దరఖాస్తు నేనే రాసిపెట్టాను. సంతకం చేస్తూ నన్ను అడిగింది:

"పని ఎక్కువైందని పోతున్న అనుకుంటున్నవా సార్?"

"దరఖాస్తుల ఆరోగ్య కారణాలని రాసిన గదా."

"పని ఎక్కువున్నందుకు కాదు. పని చేయనిస్తలేరు, గందుకు పోతున్న. సబ్బు లేదు, సూది లేదు, తోడు మనిషి లేదు. గిట్ల చేతకాని మనిషిలెక్క నిలబడుడు నాకు చేతకాదు."

సమోసాలు తెప్పించి, ఒక గోడ గడియారం ఇచ్చి పంపించాం. దవాఖాన గడియారం అప్పటికి చాలాకాలంగా ఆగిపోయి ఉంది. అది ఎవరికీ తట్టలేదు.

ఆమె సెలవులో ఉంది కాబట్టి పోస్టు ఖాళీ కాలేదు. పోస్టు ఖాళీ కాలేదు కాబట్టి మరొకరు రారు. కానీ నెలాఖరుకి చార్టు గీస్తే ఎనిమిది రాత్రులకు ఒక్కొక్కరే మిగిలారు. ఆ కాగితం పై ఆఫీసుకు చేరితే తాళం వేయమంటారు. పెద్ద సిస్టరమ్మ నా టేబుల్ దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ ఎనిమిది రాత్రులు నేను చేస్త. నా పేరు రాయి."

"మీరు అప్పటికే పొద్దున డ్యూటీలో ఉన్నరు. ఒకే రోజు ఒకే మనిషికి రెండు డ్యూటీలుంటే పై ఆఫీసోళ్ళు ఒప్పుకోరు."

"మరెట్ల?"

అప్పుడు నాకు తెలివి వచ్చింది. జీవితంలో నాకు తెలివి వచ్చిన సందర్భాలు తక్కువ, వాటిలో ఇది లేకపోతే బాగుండేది. ఆ ఎనిమిది గళ్ళలో సౌదీ సిస్టరమ్మ పేరు రాశాను. పై ఆఫీసులో సెలవులు చూసే సెక్షను వేరు, చార్టులు చూసే సెక్షను వేరు, చార్టుకు పాస్‌పోర్టు ఎవరూ అడగరు. ఆమె పగలు రియాద్‌లో, రాత్రి నాంపల్లిలో. పెద్ద సిస్టరమ్మ కాగితం వంక చూసి, "ప్రభువా" అంది. అది ప్రార్థనో మందలింపో నేను విడదీయలేదు. ఆ ఎనిమిది రాత్రులూ ఆమే వచ్చింది. జీతం మాత్రం సౌదీ సిస్టరమ్మకు రాలేదు, ఆమె పేరు మీద ఎవరూ తీసుకోలేదు. అంతవరకు మేము నిజాయితీపరులం.

ఆ పని ఒక్క నెలకే అనుకున్నాం.

తర్వాత ఏడాదిన్నరకు రెండో ఆమె రాజీనామా చేసి బషీర్‌బాగ్‌లో కొత్తగా లేచిన అద్దాల ఆసుపత్రిలో చేరింది. ఒకరోజు అటు వెళ్తూ పలకరిద్దామని లోపలికి పోతే, నీలం కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"ఎట్లుంది సిస్టరమ్మా, కాన్పులు ఎక్కువనా?"

"కాన్పులు గీడ డాక్టర్లు చేస్తరు, కోసి. నాకు లిఫ్టు చూపించే పని. పదకొండేండ్లు పిల్లలను బయటికి తీసిన, ఇప్పుడు మనుషులను లిఫ్టులకు ఎక్కిస్తున్న." వచ్చినవాళ్ళకు లిఫ్టు వైపు చెయ్యి చూపించి, "లిఫ్టు నన్ను ఎన్నడూ కొట్టలే సార్" అంది.

మూడో ఆమె చాదర్‌ఘాట్‌లో జాకెట్లు కుట్టే దుకాణం పెట్టుకుంది. ఎందుకమ్మా ఇంత చదువు చదివి అంటే, ఇక్కడ కుట్టు ఊడితే ఎవరూ చావరు కదా అంది. నాలుగో ఆమె బదిలీ పెట్టించుకుని జిల్లాకు పోయి, అక్కడ ఒక హాస్టల్లో వార్డెనైంది.

రాజీనామాల వల్ల పోస్టులు నిజంగా ఖాళీ అయ్యాయి. మనుషులను పంపమని పై ఆఫీసుకు మంచి ఉత్తరం రాశాను. అలాంటి ఉత్తరం మా దవాఖాన నుంచి అంతకు ముందు వెళ్ళలేదు. జవాబు రెండు వరుసల్లో వచ్చింది. తమరు పంపుచున్న డ్యూటీ చార్టులను పరిశీలించగా మూడు పూటలా సిబ్బంది సరిపోను ఉన్నట్లు తెలియుచున్నది, కావున ప్రస్తుతం అవసరం కనిపించుట లేదు.

వాళ్ళు చెప్పింది నిజం. వెళ్ళిపోయినవాళ్ళ గళ్ళలో కూడా, ఒకే రోజు రెండు పడకుండా పట్టినన్ని, నేను సౌదీ సిస్టరమ్మకే ఇస్తూ వచ్చాను. చార్టు ప్రకారం ఆమె లాంటి కార్మికురాలు రాష్ట్రంలో లేదు. అనుమానం రాకుండా వారానికొక సెలవు, పండక్కి ఒక సెలవు కూడా ఇచ్చేవాణ్ణి. ఒకసారి ఆమె సెలవు మార్చి మరొకరికి సర్దాను. ఆమె అభ్యంతరం చెప్పలేదు.

జవాబు పట్టుకుని పెద్ద సిస్టరమ్మ దగ్గరికి పోయాను.

"ఇది నా వల్ల అయింది. నిజం రాద్దాం."

"నిజం రాస్తే ఏమైతది?"

"మనుషులు లేరని తెలుస్తది."

"తెలిస్తే మనుషులను పంపుతరా, తాళం వేయమంటరా?"

నేను ఆ జవాబు కాగితాన్ని మడిచాను.

"ఐతే జర ఆగు" అంది.

ఆ జర, నాలుగేళ్ళు సాగింది. ఈలోగా శతాబ్దం మారింది, నల్లా మారలేదు.

రెండువేలు దాటాక ఒక కొత్త సిస్టరమ్మ వచ్చింది, పొరపాటున వచ్చినట్టు. ఎవరో మరో దవాఖానకు వేయబోయి మాకు వేశారని విన్నాం. దాన్ని సరిదిద్దకుండా ఉండడానికి నేను ఆ నెల ఎవరికీ ఏ ఉత్తరమూ రాయలేదు. నాంపల్లిలోనే పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళ నాయన ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో గుమాస్తా. మనిషి సన్నగా ఉండేది, నోరు మాత్రం ఇద్దరి పెట్టు. మొదటివారమే గోడ మీది చార్టు చదివి నా దగ్గరికి వచ్చింది.

"సార్, గీ సిస్టరమ్మ ఎవలు? నాతోని డ్యూటీ అని రాసిన్రు. వారమైంది, ఇంకా మొకం చూడలే."

విషయం చెప్పాను. చాలాసేపు నవ్వింది.

"మస్తు మనిషి సార్. ఒక్క గ్లవ్సు అడగది, చాయ్ అడగది, ఎవలతోని కొట్లాడది. నన్ను గూడ గట్లనే చెయ్యరాదా, కాగితం మీద పెట్టి ఇంట్ల పండనియ్యి."

పెద్ద సిస్టరమ్మ ఆ పిల్లను వదల్లేదు. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది, ఆ రెండేళ్ళలో తన చేతుల్లో ఉన్నదంతా ఆ చేతుల్లో పెట్టాలనుకుంది. కళ్ళు మూసుకుని కడుపు తడిమి బిడ్డ తల ఎటుందో చెప్పమనేది. చెక్కగొట్టం కడుపుకు ఆనించి, చెవి దానికి ఆనించి గుండెచప్పుడు వినమనేది. బయట స్టేషన్‌లో మైకు మొత్తుకుంటూ ఉండేది.

"వినొస్తలేదమ్మా, కాజీపేట ప్యాసింజరు లేటంటున్నడు."

"రైలు నీది కాదు. బిడ్డను విను."

ఇద్దరూ అట్లా వంగి ఉండడం వరండా నుంచి నాకు కనిపించేది. పిల్ల ఒక్కసారి తలెత్తి, "ఔ, దొరికింది!" అనేది, పోయిన నగ దొరికినట్టు. ఒకనాడు పెద్ద సిస్టరమ్మ నాతో చెప్పింది: "నేను పోయినంక గీ పిల్ల ఉంటే చాలు బాబూ. ఇంకొకరిని ఇది తయారు చేసుకుంటది. తలుపు తెరిచి ఉంటది." ఆమె నోట కోరిక లాంటి మాట అంతకు ముందు నేను వినలేదు.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి.

అప్పటికి ఉన్న నిజమైన సిస్టరమ్మలు ముగ్గురు. ముందు రాత్రి పెద్ద సిస్టరమ్మ సౌదీ సిస్టరమ్మ పేరున ఉన్న డ్యూటీ చేసి, మళ్ళీ తన పొద్దున డ్యూటీ కూడా చేసి ఇంటికి పోయి పడుకుంది. మరొకామె ప్రసూతి సెలవులో ఉంది. సెలవు ఇచ్చిన అరుదైన సందర్భాల్లో అదొకటి. చార్టు ప్రకారం ఆ మధ్యాహ్నం డ్యూటీ మా చిన్న సిస్టరమ్మకు, సౌదీ సిస్టరమ్మకు. డాక్టరమ్మ రోజు కాదు. లేబర్ రూంలో కాన్పుకు వచ్చినవాళ్ళు ముగ్గురున్నారు.

మూడున్నరకు వార్డు ఊడ్చే ఆయమ్మ నా గదిలోకి ఉరికి వచ్చింది. "సాబ్, జల్దీ రా. సిస్టరమ్మ నిన్ను రమ్మంటున్నది. లోపటికి."

పదేళ్ళలో నేను ఆ గదిలో అడుగు పెట్టలేదు. మగవాళ్ళు లోపలికి పోరు. గుమ్మంలో ఆగిపోయాను. ఒక మంచం మీద అప్పుడే కాన్పయిన మనిషి, మంచం కింద బకెట్టు. బకెట్టులోకి ఒక ధార ఆగకుండా పడుతోంది. పక్క మంచం మీద ఇంకొకామెకు బిడ్డ తల కనిపిస్తోంది. చిన్న సిస్టరమ్మ రెండు మంచాల మధ్య ఉంది.

"అటు ఇటు చూడకు సార్. నన్ను చూడు. గీడ చెయ్యి పెట్టు." నా చెయ్యి పట్టుకుని ఆ మనిషి పొత్తికడుపు మీద పెట్టి నొక్కింది. "గట్టిగ రుద్దు. లోపట గుండ్రంగ గట్టిపడాలె. మెత్తగుంటే రక్తం పోతది. ఆపకు. నేను చెప్పేదాంక ఆపకు."

రుద్దాను. ఆయమ్మ సెలైన్ సీసా పట్టుకుని కుర్చీ ఎక్కి నిలబడింది, స్టాండు రిపేరులో ఉంది కనుక. నా చేతి కింద మెత్తగా ఉంది. కాసేపటికి ఏదో గట్టిపడింది, బత్తాయిలాగ. "వచ్చింది" అన్నాను. వెంటనే మళ్ళీ మెత్తబడింది. మళ్ళీ రుద్దాను. రక్తం ఆగడానికి ఉన్న రెండు సూదులూ వేయడం అయిపోయింది. మూడోది లేదు. మూడోదాని కోసం ఆర్నెల్లుగా నేను ఉత్తరాలు రాస్తున్నాను, ఆ సంగతి చేతికి ఏమీ సాయం చేయలేదు.

ఆ మనిషి కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో.

"మీరు డాక్టరా?"

"ఔ" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది, నెమ్మదిగా, నమ్మినట్టు.

పక్కమంచం బిడ్డ ఏడ్చింది. మూడో ఆమె నొప్పులు మొదలై అరుస్తోంది. చిన్న సిస్టరమ్మ గది వదిలి రావడానికి లేదు. కాబట్టి రక్తం ఆగని ఆ మనిషిని ఆటోలో వేసుకుని నేనూ, ఆయమ్మా, ఆమె మొగుడైన పండ్లబండి అతనూ పెద్దాసుపత్రికి బయల్దేరాం. దారి పొడుగునా రుద్దుతూనే ఉన్నాను. మొగుడు ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం రద్దీ. సిగ్నళ్ళ దగ్గర పక్క స్కూటర్లవాళ్ళు మా వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. పెద్దాసుపత్రిలో ట్రాలీ మీద ఎక్కించుకుని తీసుకుపోయారు. తలుపు దగ్గర ఒక నర్సు నా చెయ్యి పట్టి పక్కకు తీసింది. అప్పటికిగాని నేను ఇంకా గాలిలో రుద్దుతున్నానని తెలియలేదు.

ఆరింటికి ఆమె పోయింది. బిడ్డ బతికింది. రిజిస్టరులో బిడ్డను నేనే రాశాను.

పదిరోజులకు విచారణకు పై ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. మర్యాదస్తుడు. చక్కెర లేని చాయ్ అడిగి, నా కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచారు. గోడ పక్కన చిన్న సిస్టరమ్మ నిలబడి ఉంది.

"చార్టు ప్రకారం ఆ పూట ఇద్దరున్నారు. నువ్వొకదానివి. రెండో ఆమె ఎక్కడమ్మా?"

ఆ పిల్ల నా వంక చూడలేదు. చూడలేదు కాబట్టే నేను నోరు తెరిచాను.

"సార్, రెండో ఆమె లేదు."

"సెలవా?"

"సౌదీ."

"ఎప్పుడు వెళ్ళింది?"

"ఏడేళ్ళయింది సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎట్లా జరిగిందో అంతా చెప్పాను. మొదటి ఎనిమిది గళ్ళ దగ్గర్నుంచి ఏదీ దాచలేదు, పండగ సెలవులతో సహా. ఆయన మధ్యలో ఆపకుండా విన్నారు. తర్వాత ఫైలు మూశారు.

"ఏడేళ్ళ చార్టుల మీద మా ఆఫీసు ముద్ర ఉంది. మీరు చెప్పింది నేను రాసుకుంటే ఎంతమంది మీదికి వస్తుందో తెలుసా? నాకంటే ముందు ముగ్గురు ఆఫీసర్లున్నారు." లేచి నిలబడి నా భుజం తట్టారు. "మీరు సరదా మనిషని విన్నాను. ఇదీ సరదాకే అన్నారనుకుంటాను."

అప్పటివరకు నా హాస్యాన్ని పై ఆఫీసువాళ్ళు గుర్తించలేదని నాకు బాధ ఉండేది.

మెమో చిన్న సిస్టరమ్మ పేరున వచ్చింది. తోడు డ్యూటీలో ఉండవలసిన సిస్టరు హాజరు కాని విషయం సకాలంలో పై అధికారులకు తెలుపనందుకు సంజాయిషీ ఇవ్వాలి. ఆమె దాన్ని నా టేబుల్ మీద పెట్టి, వేలితో వరుసలు చూపిస్తూ చదివించింది.

"అంటే నువ్వు రాసిన సిస్టరమ్మ రాలేదని నేను జవాబియ్యాల్నా సార్?"

"నేను రాసిస్త. తప్పు నాదని రాసిస్త."

రాశాను. నాలుగు పేజీలు, ఈసారి శైలి చూసుకోకుండా. ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో రిజిస్టరు చేసి పంపాను. అందినట్టు పచ్చకార్డు వచ్చింది. అంతకుమించి ఏమీ రాలేదు. పెద్ద సిస్టరమ్మ స్వయంగా పై ఆఫీసుకు పోయి, ఆ పేరు రాయమని మా క్లర్కు బాబుకు చెప్పింది నేనే అంది. ఏడు నెలల్లో రిటైరయ్యే మనిషి, ఇంటికి పోయి విశ్రాంతి తీసుకోమ్మా అని కుర్చీ వేసి, నీళ్ళిచ్చి పంపేశారట. ఎక్కడా ఎవరూ మమ్మల్ని కోప్పడలేదు. కోప్పడితే పట్టుకోవడానికి ఒక కొస దొరికేది.

నెల తిరగకముందే చిన్న సిస్టరమ్మ రాజీనామా తెచ్చింది. తనే రాసుకుంది, నన్ను రాయమనలేదు. పెద్ద సిస్టరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది.

"మెమోదేముంది బిడ్డా, నాకు డ్రాయరు నిండ ఉన్నయి. పోకు. నీ చేతులకు పని వచ్చింది."

"మెమోకు కాదమ్మా."

"మరి?"

"గా మనిషి కడుపు మీద సార్ చెయ్యి పెట్టిన. నా చెయ్యి ఉండాలె గాడ. ఇంకో మంచం మీద బిడ్డ తల బయటికొచ్చింది, దాన్ని వదలొస్తదా? ఎవల్ని వదలాలె అమ్మా? రోజూ పండుకుంటే గదే లెక్క. మీరు అన్నీ నేర్పిన్రు. ఎవల్ని వదలాల్నో నేర్పలే."

పెద్ద సిస్టరమ్మ చేతులు వదిలేసింది.

పిల్ల ఆబిడ్స్‌లో సెల్‌ఫోన్ల దుకాణంలో చేరింది. ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకు పోయినప్పుడు అద్దంలోంచి కనిపించేది, ఎవరికో సిమ్ కార్డు వేసి ఇస్తూ. లోపలికి పోయి పలకరించాలంటే ఫోన్ కొనాలేమోనని భయపడేవాణ్ణి. అది సాకని నాకు తెలుసు.

ఆ నెలాఖరుకు చార్టు గీశాను. పెద్ద సిస్టరమ్మ పక్కన కూర్చుంది. ఆమె పేరు, ప్రసూతి సెలవు నుంచి తిరిగివచ్చిన ఆమె పేరు రాసి, రాత్రి గళ్ళ దగ్గర ఆగాను.

"ఏం రాయాలె?"

ఆమె కాగితం మీదికి వంగింది. ఆ మనిషి అంత ముసలిదైనట్టు అప్పుడే గమనించాను.

"ఉన్నది ఉన్నట్టు" అంది.

ఖాళీగా వదిలి పంపాను. పై ఆఫీసు నుంచి నాలుగోరోజే ఉత్తర్వు వచ్చింది. నా ఉద్యోగంలో అంత త్వరగా వచ్చిన జవాబు మరొకటి లేదు. సిబ్బంది చాలనందున తదుపరి ఉత్తర్వుల వరకు రాత్రి కాన్పులు నిలిపివేయవలెను. స్టోరులో తాళం లేదు. నాంపల్లిలో ఇనుప సామాన్ల దుకాణానికి పోయి నేనే కొన్నాను. చిన్నది చూపిస్తే పెద్ద సిస్టరమ్మ ఏమనుకుంటుందోనని మధ్యరకం తెచ్చాను.

మిగిలిన ఆరునెలలూ ఆమె ఎనిమిదింటికి తాళం వేసి, గేటు దగ్గర బెంచీ మీద కూర్చునేది. ఆటో వస్తే లోపల కూర్చున్న మనిషి కడుపు తడిమి, "ఇంక గంట ఉన్నది, పో" అని పంపేది. గంట లేదనిపిస్తే తనే ఎక్కి కూర్చునేది. ఆమె రిటైరైన రోజు సమోసాలు తెప్పించాం. నన్ను మాట్లాడమన్నారు. లేచి నిలబడి, నమస్కారం అని, కూర్చున్నాను.

ఆమె వెళ్ళిన మరుసటి వారం ఒక రాత్రి ఎనిమిది దాటాక నేను గేటు వేయించి బయల్దేరుతుంటే ఆటో ఒకటి ఆగింది. లోపల నొప్పులు పడుతున్న పిల్ల, పక్కన అత్త. అత్త తల బయటపెట్టి దీపాల్లేని లేబర్ రూం కిటికీ చూసింది.

"సిస్టరమ్మ లేదా సార్?"

"ఉన్నది. పొద్దున వస్తది. ఇప్పుడు పెద్దాసుపత్రికి పోవాలె."

ఆమె నా వంక ఎగాదిగా చూసింది.

"పొద్దుటిదాంక ఆగుమని లోపటి బిడ్డకు నువ్వు చెప్తవా?"

ఇలాంటి మాటకు జవాబివ్వడంలో నాకు కొంత పేరుండేది. ఆటో అతను ఇంజను ఆపలేదు. ఎటు పోవాలన్నాడు. నేను చెయ్యెత్తి దారి చూపించాను.